సితార ఒప్పుకున్న మిషను

పశువైద్యశాలలో సహాయకుడిగా ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరైనాను. నందికొట్కూరులో మొదలుపెట్టినాను, ఆత్మకూరులో ఎక్కువ కాలం ఉన్నాను, చివరి మూడేళ్ళు కడపలో. జనం నన్ను కాంపౌండర్ రత్నం అంటారు. మొన్న మా చర్చిలో స్నేహలత అనే అమ్మాయికి ఇదే ఉద్యోగం వచ్చింది. ప్రార్థన అయినాక నా దగ్గరికి వచ్చి, "పెదనాయనా, మొదట ఏం నేర్చుకోమంటావు?" అని అడిగింది.

"వెంట్రుకలు తీయడం నేర్చుకో" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వింది. సూది వేయడం, కట్టు కట్టడం, మందు తాపడం శిక్షణలో చెప్తారు. వెంట్రుకలు తీయడం ఎవరూ చెప్పరు. అది కూడా ఒక పనేనా అనుకుంటారు. నేను దాన్ని ఒక గుర్రాన్ని బాధపెట్టి నేర్చుకున్నాను. ఆ సంగతి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మందు ఎక్కడ పూస్తున్నామో

మన దిక్కు ఆస్పత్రికి వచ్చేవి ఎక్కువగా బర్రెలు, గొర్రెలు, మేకలు, ఎద్దులు. బర్రెకు వెంట్రుకలే తక్కువ. గొర్రె బొచ్చు తీయడానికి గొర్రెల వాళ్ళకే చేయి తిరిగి ఉంటుంది. గుర్రం సంగతి వేరు. దాని చర్మం శానా పల్చన. ఈగ వాలితే ఆ చోటు మాత్రమే వణికించి తోలుకుంటుంది. చలికాలంలో ఆ పల్చటి చర్మం మీద మందంగా వెంట్రుకలు వస్తాయి. వాటి కింద పుండు ఉన్నా, గజ్జి ఉన్నా కనిపించదు. పైనుంచి మందు పూస్తే వెంట్రుకలకు అంటుతుంది, చర్మానికి చేరదు. మనం మాత్రం వైద్యం చేసినామని చేతులు కడుక్కుంటాము.

నా మొదటి పెద్ద డాక్టరు గారు కుట్లు వేయడంలో మొనగాడు. కానీ వెంట్రుకలు తీసే మిషను కావాలని నేను అడిగినప్పుడల్లా, "కత్తెర ఉండాది గదప్పా" అనేవాడు. కత్తెరతో అరచేయంత మేర శుభ్రం చేసేసరికి గుర్రానికి విసుగు పుట్టేది, ఆయనకు అంతకంటే ముందే పుట్టేది. అయినా ఆయన మీద నాకు గౌరవమే. గుర్రం దగ్గరికి పోతే ముందు మెడ మీద అరచేయి ఆనించి, అది ఒకసారి గట్టిగా ఊపిరి వదిలేదాకా నిలబడమని నాకు చెప్పింది ఆయనే. ఆ మాట నేను పాటించని రోజున మొదలైందే ఈ కథంతా.

సెలూను మిషను

ఆత్మకూరులో ఖాజా భాయ్ అని పెళ్ళి గుర్రం నడిపేవాడు. ఆయన భార్య జులేఖమ్మ. వాళ్ళకున్నది ఒకటే గుర్రం, తెల్లటి ఆడగుర్రం, పేరు సితార. నుదుటి మీద పూసల జల్లు కట్టి, వీపు మీద ముఖమల్ పరిచి ఊరేగింపులో నడిపిస్తే పెళ్ళికొడుకు కంటే దాన్నే ఎక్కువ మంది చూసేవాళ్ళు. బ్యాండు, టపాకాయలు, వెనక బండి మీద దడదడలాడే జనరేటరు, దేనికీ బెదిరేది కాదు. పెళ్ళిళ్ళకు తోలేది ఖాజా భాయ్. ఉలవలు ఉడకేసి పెట్టేది, ఒళ్ళు దువ్వేది, జబ్బు చేస్తే కనిపెట్టేది జులేఖమ్మ.

ఒక చలికాలం సితారకు డొక్క మీద గజ్జి వచ్చింది. డాక్టరు సెలవులో ఉన్నాడు. ఖాజా భాయ్ ఆస్పత్రికి వచ్చి, "రత్నమన్నా, ఎల్లుండి పెండ్లి ఉండాది. ఏదో ఒకటి చెయ్యి" అన్నాడు. కత్తెరతో అయితే పూట పడుతుంది. సెలూను నడిపే నా స్నేహితుడు సుబ్బరాయుడి దగ్గర తలవెంట్రుకలు కత్తిరించే మిషను అడిగి తీసుకుని, సైకిలు మీద వాళ్ళింటికి పోయినాను.

పోయినవాణ్ణి పోయినట్టే పని మొదలుపెట్టినాను. మెడ మీద చేయి ఆనించలేదు, ఒళ్ళు కడిగించలేదు, దుమ్ము దులపలేదు. మొదటి రెండు మూడు జానల దూరం మిషను బాగానే పోయింది. నాకు పొగరెక్కింది. ఆ తర్వాత మందపాటి వెంట్రుకల్లో దాని గొంతు మారింది, మూలిగినట్టు ఆడింది. ఆపాల్సింది పోయి గట్టిగా అదిమినాను. నా చేయి ప్లాస్టిక్ పిడి మీద ఉంది కాబట్టి నాకు వేడి తెలియలేదు. బ్లేడు ఉన్నది సితార ఒంటి మీద. దానికి తెలిసింది. చర్మం వణికించింది. పక్కకు జరిగింది. నేను ఖాజా భాయ్‌ని తాడు బిగించి పట్టుకోమన్నాను. ఆ గుర్రం నాకు రెండుసార్లు మర్యాదగా చెప్పింది. మూడోసారి తన్నింది.

నేను పోయి దాణా తొట్టి మీద పడినాను. మోకాలు చిప్ప పక్కన చీరుకుపోయింది, మిషను రెండు ముక్కలైంది. లేచి చూస్తే సితార డొక్క మీద పక్కపక్కనే రెండు ఎర్రటి గీతలు.

"ఏమన్నా అది, అట్ల కందిపోయినాది?" అన్నాడు ఖాజా భాయ్.

"గజ్జి ముదిరినాది భాయ్, అందుకే దానికి అంత మంట" అన్నాను.

ఆ అబద్ధం అనుకోకుండానే నోట్లోంచి వచ్చేసింది. ఆయన నమ్మినాడు. జులేఖమ్మ నా మోకాలికి పసుపు అద్ది, గుడ్డ కట్టి, చాయ్ పెట్టిచ్చింది. "మా గుర్రం కోసరం నీకు దెబ్బ తగిలె గదన్నా" అని బాధపడింది. నేను ఆ చాయ్ తాగి ఇంటికి వచ్చినాను.

రెండు గీతలు

ఆ ఎల్లుండి పెళ్ళికి సితారను తోలుకుపోలేదు. గజ్జి తగ్గింది. కాలిన చోట చర్మం మానింది. నేను ఆ సంగతి మర్చిపోయే ప్రయత్నంలో ఉండగా పెళ్ళిళ్ళ కాలం వచ్చింది. నందికొట్కూరులో ఒక ఊరేగింపు. పెళ్ళికొడుకు ఎక్కి కూర్చున్నాడు, బ్యాండు వాళ్ళు వాయిస్తున్నారు, వెనక జనరేటరు స్టార్టు చేసినారు. ఆ మోత వినగానే సితార ముందుకాళ్ళు పైకెత్తి నిలబడింది. పెళ్ళికొడుకు జారి బ్యాండు వాళ్ళ మీద పడినాడు. దేవుని దయ, మోచేయి గీసుకుపోవడంతో సరిపోయింది. కానీ ఊరంతా చూసింది. ఆ తర్వాత మాట్లాడుకున్న పెళ్ళివాళ్ళు ఒక్కొక్కరే ఫోను చేసి వద్దన్నారు.

పదేళ్ళు జనరేటరు పక్కన నడిచిన గుర్రం ఎందుకు బెదిరిందో ఖాజా భాయ్‌కి అర్థం కాలేదు. దిష్టి అనుకుని మెడలో తాయెత్తు కట్టించినాడు. నాకు అర్థమైంది. మోత వస్తే ఆ వెనక కాలుతుందని దానికి నేర్పింది నేనే.

ఎండలు ముదిరినా సితార చలికాలపు వెంట్రుకలు రాలలేదు. పొడవుగా, మెలికలు తిరిగి అట్లే ఉండిపోయినాయి. నీడలో నిలబడినా చెమటలు కారుస్తోందని ఖాజా భాయ్ ఆస్పత్రికి తోలుకొచ్చినాడు. అప్పటికి మాకు కొత్త డాక్టరు వచ్చింది, పద్మజ మేడం. వయసులో నా కంటే శానా చిన్నది. గుర్రాన్ని చుట్టూ తిరిగి చూసింది, వేళ్ళతో వెంట్రుకలు పాయలు తీసింది.

"వయసు మీద పడినాక కొన్ని గుర్రాలకు ఇట్లా గ్రంథి దెబ్బతింటుంది. వెంట్రుకలు రాలవు. మందు వాడదాం, కానీ ముందు ఈ బొచ్చు తీసేయాలి. లేకుంటే ఈ ఎండకు తట్టుకోలేదు" అంది.

"ఇప్పుడు ఏ మిషను సద్దు విన్నా నిలబడదు మేడం" అన్నాడు ఖాజా భాయ్.

ఆయన గుర్రాన్ని నీళ్ళ తొట్టి దగ్గరికి తీసుకుపోయినాక మేడం నా వైపు తిరిగింది. "డొక్క మీద మచ్చ చూసినారా రత్నం గారూ? గజ్జి ఇంత నేరుగా గీతలు గీయదు."

నేను తల దించుకుని అంతా చెప్పేసినాను. కోప్పడుతుందనుకున్నాను, పైవాళ్ళకు రాస్తుందనుకున్నాను. అవేమీ లేవు. "నాకు చెప్పినారు, మంచిది. కానీ చెప్పాల్సింది నాకు కాదు గదా" అంది.

మత్తుసూది ఇచ్చి వెంట్రుకలు తీసేద్దామా అని అడిగినాను. "ఈసారికి తీయొచ్చు. వచ్చే ఏడు? ఆ పై ఏడు? ఇక ఏటేటా తీయాల్సిందే. పైగా జనరేటరు దగ్గర మత్తు ఇచ్చి నడిపిస్తామా?" అంది. నా జీవితంలో చూసిన పై అధికారుల్లో ఆమెను మించినవాళ్ళు లేరు. ఆ మాట నేను ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

జులేఖమ్మ ముందర

మరుసటి రోజు పొద్దున్నే వాళ్ళింటికి పోయినాను. కొట్టం ముందర నిలబడి, సితార డొక్క మీద ఉన్నది కాలిన మచ్చ అని, కాల్చింది నేనని, ఆ రోజు అబద్ధం చెప్పినానని చెప్పినాను. ఖాజా భాయ్ మంచం మీద కూర్చుని రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు.

మాట్లాడింది జులేఖమ్మ. "అది బెదిరిందని దాన్ని కట్టెతో కొట్టినాము అన్నా మేము. ఎప్పుడూ చెయ్యి ఎత్తనిదాన్ని కొట్టినాము. నువ్వు ఆ రోజే చెప్పింటే కొడతా ఉంటిమా?"

ఆ దెబ్బల సంగతి నాకు అంతవరకు తెలియదు. అక్కడే అరుగు మీద కూర్చుండిపోయినాను.

"ఇప్పుడేం చేస్తావు?" అంది జులేఖమ్మ.

"మంచి మిషను తెస్తానమ్మా. అది ఒప్పుకునేదాకా నేర్పిస్తాను."

"నువ్వు నేర్పించేది ఏమీ లేదు. నువ్వు నేర్చుకో. మిషను తే, చూస్తాము."

మిషను వెతుకులాట

స్నేహలత లాంటి పిల్లలకు పనికొచ్చేది ఈ భాగం. నేను చేసిన తప్పులన్నీ చేసి, తర్వాత కొనండి అనడం కంటే చేయకుండా కొనండి అనడం మేలు.

మొదట ఫోనులో చూసి చౌకరకం ఒకటి తెప్పించినాను. రంగుల పెట్టె, రకరకాల దువ్వెనలు, చూడముచ్చటగా ఉంది. ఆస్పత్రికి వచ్చిన ఒక మేక మెడ మీద పెట్టి చూస్తే కొంచెం దూరం పోయి నిలబడిపోయింది. దానికి వేరే బ్లేడు యాడ దొరుకుతుందని అడిగితే జవాబిచ్చేవాడు లేడు. కడప దగ్గర ఒక ఆసామి తోటలో గుర్రాలు పెంచుతాడంటే పోయి చూసినాను. ఆ కాపలాదారు ఫారిన్ మిషను చూపించినాడు. వెన్నలో కత్తి దిగినట్టు పోతోంది. కానీ పట్టుకుంటే ఇటుకరాయంత బరువు, మోత మిక్సీని మించింది. ధర విని మెల్లగా కింద పెట్టేసినాను. గొర్రెల బొచ్చు తీసే మిషను అయితే సగానికే వస్తుందని ఇంకొకాయన చెప్పినాడు. దాని పళ్ళు ఎడంగా ఉంటాయి, గుర్రం చర్మం మడత వాటి మధ్యకు పోతే తెగుతుంది అని మేడం ఆ మాటే ఎత్తనివ్వలేదు.

నాకు దారి చూపించింది కడపలో సాన పట్టే ఓబులేసు. దర్జీల కత్తెరలు, సెలూను కత్తులు నూరుకుంటూ బతికే మనిషి. నేను తెచ్చిన చౌక మిషను బ్లేడు విప్పి, గోరు మీద గీసి చూసినాడు.

"ఇది నేను పట్టలేను సామీ. ఇనుము మెత్తన. రెండు మాట్లకు అరిగిపోతాది."

"మరి ఎట్లాంటిది కొనాల?"

"మోటారు చూసి మురిసిపోవద్దు. ముందు బ్లేడు చూడు. విప్పి మళ్ళా బిగించుకునేట్లు ఉండాల, ఇంకో అంగట్లో గూడా అదే కొలతది దొరకాల, నా సానకు నిలవాల. మోటారు చెడిపోతే ఎవురో ఒకరు బాగు చేస్తారు. బ్లేడు దొరక్కపోతే నీ మిషను అటక మీదికే."

ఆ మాట పట్టుకుని బెంగళూరు పోయి, కుక్కలకు, గుర్రాలకు సామాన్లు అమ్మే అంగట్లో మూడు మిషన్లు పక్కపక్కన పెట్టించినాను. ఒక్కొక్కటి నడిపించి పది నిమిషాలు చేత్తో పట్టుకున్నాను. అంగడాయన విసుక్కున్నాడు. విసుక్కోనీ. రెండు నిమిషాలు పట్టుకుంటే అన్నీ తేలికే. పది నిమిషాలకు మణికట్టు నిజం చెప్తుంది. తర్వాత బ్లేడు నా ఎడమ ముంజేతికి ఆనించి చూసినాను. ఒకటి అప్పటికే చురుక్కుమంది, పక్కన పెట్టినాను. మిగిలిన రెండింట్లో ఒకటి బలమైనదే గానీ గీపెడుతోంది. రెండోది మధ్యరకం, సన్నగా తుమ్మెదలా గుయ్యిమంటోంది, బ్లేడు ఓబులేసు చెప్పినట్టే ఉంది. పొడవాటి వైరు ఉంది. అదే తీసుకున్నాను, అదే కొలత బ్లేడు ఇంకొకటి కూడా కొన్నాను. చెవులకు, ముఖానికి బ్యాటరీది చిన్నది ఉంటే మంచిదే. ఒళ్ళంతా తీయడానికి బ్యాటరీని నమ్ముకోవద్దు, గుర్రం సగం నున్నగా, సగం బొచ్చుగా మిగిలిపోతుంది.

ఎంత మంచిది కొన్నా దాన్ని పాడు చేసేది మనమే. మన ఎర్రదుమ్ము పట్టిన ఒంటి మీద కొత్త బ్లేడు పెడితే మొద్దుబారిపోతుంది. ముందురోజు కడగాలి, బాగా ఆరనివ్వాలి. మన పల్లెల్లో కరెంటు సన్నగిల్లినప్పుడు మోటారు వేగం తగ్గి, వెంట్రుకను కోయకుండా పీకుతుంది. అప్పుడు ఆపేయండి. మధ్యమధ్యలో నూనె చుక్క వేయండి, బ్లేడు మీ చేతికి తాకించి చూడండి, వేడెక్కితే రెండోది మార్చండి. ఒక గుర్రానికి వాడింది మందునీళ్ళతో కడగకుండా ఇంకొకదానికి పెడితే గజ్జిని మీరే మోసుకుపోయినట్టు. బ్లేడు వేడి చూసుకోవడానికి ఆనించి ఆనించి నా ఎడమ ముంజేతి మీద ఆ తర్వాత రిటైరయ్యేదాకా వెంట్రుకలు మొలిచింది లేదు.

కొట్టంలో

మిషను చూసి జులేఖమ్మ మొదట అన్న మాట, "నీ చేతి మీద పెట్టుకో." పెట్టుకున్నాను. తర్వాత తన చేయి చాచింది. తనకూ ఆనించి చూపించినాను. సరేనని తలూపి, "ఇది నా దగ్గర పెట్టి పో" అంది.

ఆమె చేసింది చూస్తే శిక్షణలో చెప్పేవాళ్ళు కూడా నేర్చుకుంటారు. పొద్దున సితారకు ఉలవలు పెట్టే వేళకు ఇంటి లోపలి గదిలో మిషను ఆన్ చేసి, తలుపు మూసి వచ్చేది. మొదటి రోజు సితార తల ఎత్తి, చెవులు నిక్కించి, దాణా ముట్టలేదు. జులేఖమ్మ బతిమాలలేదు, పక్కన నిలబడి దువ్వుతూ ఉండిపోయింది. నాలుగో రోజుకు తిన్నది. ఆ తర్వాత తలుపు తెరిచింది, తర్వాత వాకిట్లోకి తెచ్చింది. నేను ఆస్పత్రికి పోయే ముందు రోజూ వచ్చి గోడ పక్కన నిలబడి చూసేవాణ్ణి. ఇంకొంచెం దగ్గరికి తెద్దామా అని నేను తొందరపడితే, "నువ్వు ఊరుకో అన్నా. దానికి నువ్వు ఇంకా బాకీనే ఉండావు" అనేది.

ఆఫ్ చేసిన మిషనుతో ఒళ్ళంతా దువ్వినట్టు తిప్పింది. తర్వాత ఆన్ చేసి, వెనక భాగం తన అరచేతిలో పెట్టుకుని, ఆ చేతిని సితార భుజం మీద ఆనించింది. గుయ్యిమనే అదురు ఆమె చేతిలోంచి దాని ఒంట్లోకి పోతుంది, అంతే. సితార చర్మం వణికింది. ఆమె చేయి తీసేసింది. మళ్ళీ పెట్టింది. ఎన్నిసార్లు తీసి పెట్టిందో నేను లెక్క పెట్టలేదు. చివరికి సితార మెడ వాల్చి, గట్టిగా ఊపిరి వదిలింది. ఖాజా భాయ్ నా భుజం పట్టుకుని నొక్కినాడు. ఆయన నాతో మళ్ళీ మాట్లాడింది ఆ రోజే. "అన్నా, ఒప్పుకొన్యాది" అన్నాడు.

రెండు పొద్దుల్లో వెంట్రుకలు తీసినాము. భుజం, మెడ జులేఖమ్మ మొదలుపెట్టింది, వీపు, తొడలు నన్ను తీయనిచ్చింది. నేను వెంట్రుక వాలిన దిక్కుకు ఎదురుగా మెల్లగా పోతూ, ప్రతి రెండు మూడు జానలకూ ముంజేతికి తాకించుకుంటూ చేసినాను. కుచ్చులు కుచ్చులుగా తెల్లటి వెంట్రుకలు కాళ్ళ దగ్గర పడినాయి. పిచ్చుకలు వచ్చి గూళ్ళకు ఏరుకుపోయినాయి. కానీ డొక్క మీది గీతల దగ్గరికి మిషను రాగానే సితార ఒళ్ళు రాయిలా బిగుసుకుంది. నేను ఆపినాను. ఆ చుట్టూ అరచేయంత మేర వెంట్రుకలు అట్లే వదిలేసినాము.

ఆ మధ్యాహ్నం సితార వేపచెట్టు నీడలో పొడి ఒంటితో నిలబడి గడ్డి తిన్నది. చెమట లేదు. జులేఖమ్మ దాని వీపు మీద చేయి రాస్తూ ఉండిపోయింది.

అరచేయంత చోటు

ఇక జనరేటరు. దాన్ని కూడా అట్లే అలవాటు చేసినారు, లైటింగు వాళ్ళను అడుక్కుని, దూరంగా పెట్టించి, రోజూ కొంచెం కొంచెం దగ్గరికి. వానాకాలం దాటినాక ఖాజా భాయ్ చుట్టాల ఇంట్లో పెళ్ళి. వేరేవాళ్ళు పిలవరు కాబట్టి వాళ్ళే పిలిచినారు. నేను, పద్మజ మేడం కూడా పోయినాము. జనరేటరు స్టార్టు చేసేటప్పుడు ఖాజా భాయ్ కళ్లెం రెండు చేతులతో పట్టుకున్నాడు. జులేఖమ్మ ఆడవాళ్ళ గుంపులోంచి బయటికి వచ్చి సితార ముఖానికి ఎదురుగా నిలబడింది. మోత మొదలైంది. సితార చెవులు ఒకసారి వెనక్కి పెట్టి, మళ్ళీ ముందుకు తెచ్చి, నడిచింది. మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. పక్కన ఎవరో, "ఒళ్ళంతా పొట్టి వెంట్రుకలే, డొక్క మీద ఆ పొడుగాటి కుచ్చు ఏంది భాయ్?" అని అడిగినారు. "దిష్టిచుక్క" అన్నాడు ఖాజా భాయ్, నా వైపు చూడకుండా. నన్ను బయటపెట్టలేదు.

ఆ తర్వాత ప్రతి ఏడూ ఎండాకాలానికి ముందు పోయి సితార వెంట్రుకలు తీసేవాణ్ణి. ప్రతి ఏడూ ఆ చోటు దగ్గరికి వచ్చేసరికి అది ఒళ్ళు బిగించేది, నేను ఆపేవాణ్ణి. కడపకు బదిలీ అయ్యే ముందు ఆఖరుసారి పోయినప్పుడు కూడా అంతే. పని ముగించి, మిషను కడిగి, జులేఖమ్మ చేతిలో పెట్టి, ఇక ఇది మీ దగ్గరే ఉండనీ అమ్మా అని గేటు దాటినాను. సైకిలు స్టాండు తీస్తుంటే లోపల మిషను గుయ్యిమంది. గోడ మీదుగా చూసినాను. జులేఖమ్మ సితార డొక్కకు చెంప ఆనించి, ఆ అరచేయంత చోట మెల్లగా మిషను నడుపుతోంది. సితార కళ్ళు సగం మూసుకుని గడ్డి నములుతోంది.

నేను అక్కడే ఉన్నానని తెలిస్తే అది మళ్ళీ బిగుసుకుంటుందేమోనని, సద్దు చేయకుండా సైకిలు నడిపించుకుంటూ వచ్చేసినాను.